ఏడుగురు ఇచ్చిన సెలవు

మా బస్సుల రిపేరు షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా పెద్ద అవసరం వస్తే మిగతావాళ్ళం తలా ఒక రోజు మా సెలవుల్లోంచి తీసి వాడికిస్తాం. తీసుకున్నవాడు తిరిగొచ్చిన మొదటి రోజు గేటు పక్క టీ కొట్టు దగ్గర కూర్చుని ఆ సెలవు ఎలా గడిపాడో అందరికీ చెప్పాలి. అంతే, ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. ఈసారి ఏడుగురం కలిసి సీట్లు కుట్టే అన్నకి ఇచ్చాం. వదిన కళ్ళు రోజురోజుకీ మసకబారుతున్నాయి. నాలుగు నెలలకి మించి చూపు ఉండదని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. చూపు పోకముందే ఒక్కసారి చూడాలి, అదొక్కటే అడిగింది.

అన్న మామూలుగానే మాటకారి. కుర్చీకి నాలుగు కాళ్ళుంటే ఐదని చెప్పి, ఆ ఐదోదాని మీద దర్జాగా కూర్చునే రకం. ఆ రోజు బెంచీ మధ్యలో కూర్చుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టాడు.

"పెద్దగా ఏం చెయ్యలేదురా, మొదటి రోజు ఊరికే నడిచాం. పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో మైలు దూరం. మీ వదిన ఉన్నట్టుండి నా చెయ్యి లాగి 'ఆగండి, పీతని తొక్కుతారు' అంది. ఎక్కడే పీత అంటే ఇరవై అడుగుల అవతల! ఆవగింజంత! ఇసుక రంగులోనే ఉంది దొంగది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఇసుకకి ముక్కు ఆనించి చూస్తేగానీ కనబడలేదు."

"అంత బాగా కనబడిందా?" బ్యాటరీ గది బాబాయి మొహం వెలిగిపోయింది. కూతురి దగ్గరికి వెళ్దామని దాచుకున్న రోజు ఆయన తీసి ఇచ్చాడు.

"కనబడిందా అంటావేంటి బాబాయ్! సముద్రం గాలి తగలగానే ఆ కళ్ళు తోమిన గిన్నెల్లా తళతళలాడాయి. డాక్టరుకేం తెలుసు, ఆయనకే సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజు పడవెక్కాం. ఆ పడవవాడు ముప్ఫై ఏళ్ళుగా ఆ నీళ్ళ మీదే ఉన్నాడట. వల వేసి గంట కూర్చున్నా ఒక్క చేప లేదు. మీ వదిన అంచున వంగి చూసి, 'బాబూ, తప్పు చోట వేశావు, కుడిపక్క ముప్ఫై బారల లోతున పెద్ద గుంపుంది, అందులో ఒకదానికి పొలుసు ఊడింది, పాపం దాన్ని వదిలెయ్' అంది. వాడు నవ్వాడు. వల దింపాక నవ్వు ఆగిపోయింది. వల చాల్లేదు, నా చొక్కా విప్పి దింపాం, చొక్కా కూడా చాలకపోతే చేపలే పడవలోకి దూకడం మొదలుపెట్టాయి. చివరికి పడవలో చేపలు కూర్చున్నాయి, మేము పడవని తోసుకుంటూ ఈదుకొచ్చాం."

"నీకు ఈత ఎప్పుడొచ్చింది?" అంది టీ అక్క.

"ఆ రోజే వచ్చిందక్కా, పీకల మీదికొస్తే అదే వస్తుంది. ఒడ్డున చూసుకుంటే అన్ని చేపలూ ఉన్నాయి, ఒక్కటి తప్ప. పొలుసు ఊడినది."

అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నాకు అంతకు ముందు రోజు సంగతి ఒకటి తెలుసు.

"మూడో రోజు గొడుగు. పడవ వెనకాల తాడు కట్టి మనిషిని గాల్లోకి లేపుతారే, ఆ పెద్ద గొడుగు. నాకు కాళ్ళు వణికాయి, దాచడమెందుకు. మీ వదిన మాత్రం చంటిపిల్ల ఉయ్యాలెక్కినట్టు ఎక్కేసింది. 'ఇంకా వదలండి, ఇంకా వదలండి' అని పైనుంచి ఒకటే కేకలు. తాడు అయిపోయింది. లంగరు తాడు కట్టాం, అదీ అయిపోయింది. లాడ్జిలో దుప్పట్లన్నీ తెచ్చి ముడేశాం. అంత పైకెళ్ళి, మబ్బుని పక్కకి తోసి కిందకి చూస్తే ఏం కనబడిందో తెలుసా? మన షెడ్డు! రాత్రంతా బస్సులో కూర్చుంటేగానీ రాని మన షెడ్డు! టీ అక్క పాలలో రెండో చెంబు నీళ్ళు పోస్తోంది!"

"ఒరేయ్, నీ నోరు పడిపోను!"

"నేనన్లేదక్కా, ఆవిడ చూసింది. ఇదిగో, వీడు..." నా వైపు చెయ్యి చూపించాడుగానీ కళ్ళు కలపలేదు. "మొహానికి అద్దం పెట్టుకోకుండా వెల్డింగ్ చేస్తున్నాడట. 'వాడికి చెప్పండి, కళ్ళు జాగ్రత్త' అంది."

అన్న గబగబా అందుకున్నాడు.

"ఇంకా అసలుది వినలేదు మీరు. ఆఖరి రోజు నీళ్ళ అడుక్కి దిగాం. నోటికి గొట్టం, కళ్ళకి అద్దాలు. కింద కటిక చీకటి, నా చెయ్యి నాకే కనబడదు. మీ వదినకి పట్టపగలే. అక్కడొక తిమింగలం, మన షెడ్డుకి మూడింతలు, రెక్క చిరిగి మూలుగుతోంది. నా జేబులో సీట్లు కుట్టే సూదీ దారం ఎప్పుడూ ఉంటాయిగా. నలభైసార్లు ప్రయత్నించినా నాకు దారం ఎక్కలేదు. ఆవిడ లాక్కుని, దారం కొస నోట్లో తడిపి, ఒక్క ఊపులో ఎక్కించింది. సముద్రం అడుగున దారం తడిపిందిరా! రెండు వరసలు కుట్టు వేసింది. ఆ తిమింగలం మమ్మల్ని వీపు మీద ఎక్కించుకుని సూర్యుడు పొడిచే చోటికే తీసుకెళ్ళింది. ఈ పొయ్యి ఎంత దగ్గరుందో అంత దగ్గర. నేను మొహం తిప్పేసుకున్నా. ఆవిడ తిప్పలేదు. రెప్ప వెయ్యకుండా సూర్యుణ్ణి చూసింది, చూసింది, చివరికి ఎవరు తల దించుకున్నారో తెలుసా? సూర్యుడు! అందుకే ఆ రోజు మీకు గంట ముందే పొద్దుగూకింది. గమనించలేదా?"

ఈసారి నవ్వు రాలేదు. అన్న గొంతు పైకి పోతూ పోతూ చివర్లో జీరపోయింది. బాబాయి మాత్రం ముందుకు వంగి, బతిమాలుతున్నట్టు అడిగాడు.

"అయితే చూసిందన్నమాట. సముద్రం చూసింది."

"చూసింది బాబాయ్. చూడ్డమంటే అలా ఇలా కాదు..."

నా వల్ల కాలేదు. ఊరుకుని ఉండాల్సింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

"అన్నా, నిన్న సాయంత్రం నేను మీ ఇంటికొచ్చాను" అన్నాను. "ప్రయాణం ఎలా జరిగిందో అడుగుదామని. నువ్వు లేవు. వదిన తలుపు తీసింది. నేను గుమ్మంలోనే, ఇంత దూరంలో నిలబడ్డాను. నా మొహంలోకే చూస్తూ 'ఎవరూ?' అంది."

అన్న గ్లాసు కింద పెట్టాడు. అందులో టీ పోసింది పోసినట్టే ఉంది.

"వెళ్ళేసరికే పోయిందిరా" అన్నాడు. "బస్సెక్కడానికి పదకొండు రోజుల ముందు. పొద్దున లేచి 'ఇంకా తెల్లారలేదా' అని అడిగింది."

"మేము సెలవిచ్చింది మూడు నెలల కిందట కదా" అన్నాడు బాబాయి.

"ఇచ్చారు. అప్పుడు వానలు. పడవలు తియ్యరు, గొడుగులు ఎగరెయ్యరు, నీళ్ళలోకి దిగనివ్వరు. ఆవిడ 'ఒడ్డున కూర్చుంటే చాలు, ఈ వారమే పోదాం' అంది. నేనే ఆగమన్నా. డాక్టరు నాలుగు నెలలన్నాడుగా, ఇంకా టైముంది అనుకున్నా. ఏడుగురి సెలవు తీసుకుని, వచ్చి ఈ బెంచీ మీద కూర్చుని, ఊరికే ఒడ్డున కూర్చొచ్చాం అంటే ఏం బాగుంటుంది? మీకు మంచి కథ చెప్పాలనుకున్నా బాబాయ్. దానికోసం ఆపాను ఆవిణ్ణి."

బాబాయి చెయ్యి అన్న భుజం దాకా వచ్చి ఆగిపోయింది. దూరంగా షెడ్డులో ఎవరో ఇంజను స్టార్ట్ చేసి ఆపేశారు.

"మరి అక్కడ ఏం చేశారు?" అంది టీ అక్క, చాలా మెల్లగా.

"ఒడ్డున కూర్చున్నాం. నాలుగు రోజులూ. మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని అడిగింది, 'మీరు అందరికీ కథలు చెప్తారుగా, నాకూ చెప్పండి, ఎలా ఉంది?' అని. పడవలు పోతున్నాయి, గొడుగులు ఎగురుతున్నాయి, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదురా. 'నీళ్ళు' అన్నాను. 'చాలా నీళ్ళు' అన్నాను."

"వదిన ఏమంది?"

"'అంతేనా?' అంది."