గేటు దగ్గర ఆగిన మనిషి

ముసలితనంలో నేర్చిన అక్షరాలు. తప్పులుంటే మన్నించండి, ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది. పాత ఫిల్ములు టీవీకి మార్చే కొట్టులో, అక్కడి టెక్నీషియన్‌కీ నాకూ జరిగిన మాటలివి.

"మీ మరిది గారు దీన్ని సెకనుకు పదహారు బొమ్మల చొప్పున తీశారమ్మా. మీ పాత క్యాసెట్టు చేసినవాళ్ళు ఇరవై అయిదు చొప్పున తిప్పేశారు."

"అయితే ఏమవుతుంది?"

"మనుషులు కోడిపిల్లల్లా పరిగెడతారు. ఇప్పుడు అసలు వేగానికి తెచ్చాను, చూడండి."

"మా ఆయన గేటు దగ్గర ఆగారేంటి?"

"ఇంటివైపు చూస్తున్నారు. క్యాసెట్టులో అది మెడ విదిలించినట్టు ఉంటుంది."

"ఆ రోజు ఊరికి బయల్దేరిన ఆ ప్రయాణంలోనే పోయారు బాబూ. 'మీ నాన్నకి మనల్ని వదిలి వెళ్ళడానికి ఎంత తొందరో చూడు' అని ఆ క్యాసెట్టు చూపించే పిల్లని పెంచాను."

"మీకు తెలీదు కదమ్మా."

"ఆ రోజు ఆయన మీద అలిగి తలుపు వెనక నిలబడ్డది నేనే. ఆయన ఆగడం సందులోంచి చూస్తూనే ఉన్నాను. తెలియకేం?"

"పాతదే కావాలంటే, అదీ ఉంది."

"వద్దు, ఇదే ఇవ్వు. అమ్మాయి పక్కన కూర్చుని నేనే చెప్తాను."

కూర్చున్నాను గాని, ఫిల్ము అయ్యాక చెప్పకుండానే మేడెక్కేశాను. అందుకే రాశాను. ముందుగా చదివేది మా అమ్మాయే.

కుట్టుమిషనమ్మ, డెబ్బై రెండేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది ఆ కూతురింట్లోనే, మేడమీది గదిలో.