మెగ్ రెండో కాన్పు

హలో… ఆ, నేనే. ఇంకెవరుంటారు ఈ ఇంట్లో ఫోనెత్తడానికి? … వదిన గొంతు కూడా గుర్తుపట్టలేకపోతే ఎలా సైమన్?

… గాలా? ఆ, హోరు వినిపిస్తూనే ఉంది. సిగ్నల్ కోసం శిఖరం దాకా ఎక్కావా? … గుర్రం మీదా, నడిచా? … నడిచే. అరవై దాటాయి నీకు, కాస్త గుర్తుంచుకో.

… నాకేం, బాగానే ఉన్నా. ఆగాగు, ఒక కుక్కపిల్ల నా చెప్పు లాక్కుపోతోంది. ఏయ్, వదులు… వదలవే… ఆ, ఇప్పుడు మాట్లాడు.

… ఎనిమిదీ బాగున్నాయి. మొన్న గురువారానికి ఐదు వారాలు నిండాయి. ఇక్కడే, వంటింట్లోనే, పొయ్యి పక్కన. మీ అన్నయ్య చేసిన చెక్కపెట్టె ఇక వీటిని ఆపేట్టు లేదు, అంచు దూకేస్తున్నాయి. నాకు కాలు పెట్టే చోటు లేదు. నిన్న వెల్లుల్లి చారు కాస్తూ ఒకదాని తోక తొక్కాను. దాని కేకకి తల్లి మెగ్ వచ్చి నన్నొక చూపు చూసింది… మీ అమ్మ కూడా నన్నెప్పుడూ అలా చూడలేదు.

… నవ్వవేంటి?

… ఊఁ. రోజుకో పాఠం. ఇవాళ వాక్యూమ్ క్లీనర్ చప్పుడు అలవాటు చేశాను. నిన్న కార్లో పెట్టుకుని ధాన్యం గోదాముల దాకా తిప్పాను. రోజూ ఒక్కోదాన్నీ విడిగా ఒళ్లో పడుకోబెట్టుకుని పాదాలు నొక్కుతాను, చెవుల్లో చూస్తాను, నోరు తెరిపిస్తాను. మీ అన్నయ్య బెర్నార్డ్ ఎలా చేసేవాడో అలాగే. ఏదీ మానలేదు.

… ఒకటుంది చూడు, మెడ చుట్టూ తెల్లపట్టీ ఉన్నది. అచ్చం నీ గ్లెన్. ఆ తల వాల్చి చూడడం, పిలిస్తే ముందు ఆలోచించి తర్వాత రావడం… అవునూ, గ్లెన్ ఏడీ? ఫోన్లో వాడి ఒగర్పు వినిపించడం లేదే. మంద దగ్గర వదిలొచ్చావా?

… సైమన్?

… వినపళ్లేదు. గాలి. మళ్లీ చెప్పు.

…

ఎప్పుడు?

… మంగళవారం. ఇవాళ ఆదివారం. … ఐదు రోజులు.

… ముందు నువ్వు ఏదైనా బండ చాటున కూర్చో. గాలికి వీపు పెట్టుకుని కూర్చో. … నేనూ కూర్చుంటున్నాను. ఆ. ఇప్పుడు చెప్పు.

… పామా? … మరేంటి? వాడికి నాలుగేళ్లయినా నిండలేదు కదా.

… ఫిట్సా?

… నెమ్మదిగా. … సోమవారం పొద్దున ఒకసారి. … మధ్యాహ్నం రెండుసార్లు. … మంగళవారం ఇక ఆగనే లేదు. ఊఁ. … నిన్ను కూడా గుర్తుపట్టలేదు. … ఆ దారిలో డాక్టరు దగ్గరికి ఎంతసేపు? … మూడు గంటలు. అప్పటికి—

… మరి నువ్వేం చేశావ్?

…

వద్దు. చెప్పకు. అర్థమైంది.

… నువ్వే చేశావ్. … అక్కడ ఇంకెవరు చేస్తారు. … వాడి తల మీద చెయ్యి ఉంచావా? … మాట్లాడుతూనే ఉన్నావా వాడితో? … చాలు. అంతకంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. … ఏడువు. ఫర్వాలేదు, ఏడువు. అక్కడ నిన్ను చూసేవాళ్లెవరు?

… ఉన్నా, ఇక్కడే ఉన్నా.

… ఎక్కడ పెట్టావు వాణ్ణి? … నువ్వుండే బండి వెనకాల, చెట్ల కింద. మంచిది. నక్కలు తవ్వకుండా రాళ్లు పేర్చావు కదా? … సరే.

… విషం ఏమైనా తిన్నాడేమో సైమన్. నక్కల కోసం ఎవరైనా మందు పెట్టారేమో. … లేదు. … గుర్రం తన్నిందా? తలకి దెబ్బ ఏమైనా… … మరి అంత ఆరోగ్యంగా ఉన్నవాడికి ఉన్నట్టుండి—

… ఏమన్నావ్?

… కాదు, ఇందాక ఒక మాటన్నావు. "మళ్లీ వచ్చాయి" అన్నావు. … అంటే ఇంతకు ముందు కూడా వచ్చాయా?

… ఎప్పటి నుంచి?

… "కొన్నాళ్లు" కాదు. నెల చెప్పు.

… పోయినేడు మార్చి.

… మార్చి తొమ్మిదిన మీ అన్నయ్యని మట్టిలో పెట్టాం. … పదిహేనున. వారం కూడా కాలేదు.

… పదిహేను నెలలు. … ఎన్నిసార్లు వచ్చాయి మొత్తం? … పదకొండు. లెక్క కూడా పెట్టుకున్నావన్నమాట. … మాత్రలు వేశావ్. అంటే ఏ డాక్టరో చూశాడు. ఆయనేమన్నాడు? … లేదు, చెప్పాలి. ఏమన్నాడు? … "పుట్టుకతోనే వచ్చింది కావచ్చు, తల్లి ఎవరి దగ్గరుందో వాళ్లకి చెప్పండి" అన్నాడు.

… చెప్పమన్నాడు.

… క్రిస్మస్‌కి నా బల్ల దగ్గర కూర్చున్నావు సైమన్. మాంసం వడ్డిస్తూ నీకు చెప్పాను. మెగ్‌ని మళ్లీ గ్లెన్ తండ్రి టాడ్ దగ్గరికే జతకి తీసుకెళ్తున్నాను, ఆస్పత్రి మంచం మీద మీ అన్నయ్య అడిగింది అదొక్కటే, గ్లెన్ లాంటివి ఇంకో నాలుగు పుట్టాలని అన్నాడు, అని చెప్పాను. నువ్వేం చేశావో గుర్తుందా? రొట్టె తుంచుకుని పులుసులో ముంచుకున్నావు. వాడు నీ కాళ్ల దగ్గరే పడుకుని ఉన్నాడు.

… అరవట్లేదు నేను. … పిల్లలు బెదురుతాయి, అరవను.

… వద్దు. ఆ మాట మాత్రం అనకు. "నీ మనసు కష్టపెట్టకూడదని." మొగుడు పోయినదాన్ని, ఇంకో దెబ్బ తట్టుకోలేననుకున్నావ్. తట్టుకునేదాన్ని. అప్పుడే మెగ్‌కి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఊరుకునేదాన్ని. మీ నాన్న తెచ్చిన మొదటి కుక్క నుంచి ముప్పై ఏళ్లుగా వస్తున్న వంశం అక్కడితో ఆగేది. ఏడ్చేదాన్ని, అయిపోయేది. ఇప్పుడు చూడు. ఎనిమిది ప్రాణాలు నా కాళ్ల మధ్య తిరుగుతున్నాయి. దేనికి వస్తుందో, దేనికి రాదో నాకు తెలీదు, ఏ డాక్టరుకీ తెలీదు.

… చేయించాం. తుంటి ఎక్స్‌రేలు, కళ్లు, చెవులు, రక్తం, మెగ్‌కీ టాడ్‌కీ అన్నీ చేయించాం. దీనికి మాత్రం ముందే చెప్పే పరీక్ష లేదన్నాడు మా డాక్టరు. ఎవరింట్లో కుక్కకి వస్తే వాళ్లు మనకి ఫోన్ చేసి చెప్పాలి. దీనికున్న పరీక్ష అదొక్కటే.

…

సైమన్, నిజం చెప్పు. నా మనసు సంగతి పక్కన పెట్టు. … వాణ్ణి వెనక్కి తీసుకుంటాననా?

…

ఊఁ.

… ఆ, నియమం అదే. ఇక్కడ పుట్టిన ఏ కుక్కకి ఏ జబ్బొచ్చినా ఈ ఇంటికి తిరిగి రావాలి. బెర్నార్డ్ తమ్ముడైనా సరే. … తీసుకునేదాన్నే. నువ్వు సరిగ్గానే అనుకున్నావ్. ఒంటరిగా కొండ మీద అలాంటి కుక్కతో నిన్ను వదిలేదాన్ని కాదు. … తెలుసు. వాడు పక్కన లేకపోతే నీకు ఆ బండిలో పొద్దు గడవదని తెలుసు. మీ అన్నయ్య వాణ్ణి నీ చేతిలో పెట్టినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

… ఇక్కడుంటే బతికేవాడేమో అని నేను అనను. నువ్వూ అనుకోకు.

… ఊఁ.

… ఆగు.

… ఒక్క నిమిషం ఆగు సైమన్. నాకేదో గుర్తొస్తోంది.

… మెగ్ మొదటి కాన్పులో గ్లెన్‌తో కలిపి మొత్తం ఆరు కదా. వాడి చెల్లెలొకటి లారమీలో ఒకావిడ దగ్గరుంది. పోయిన అక్టోబరులో ఆవిడ ఫోన్ చేసింది. "లేని ఈగల్ని పట్టుకుంటున్నట్టు గాల్లో కొరుకుతోందండీ. తర్వాత కాళ్లు వణికాయి, గోడకేసి చూస్తూ ఉండిపోయింది" అంది. … నేనేమన్నానో తెలుసా? ఏదో తిని ఉంటుంది, ఒకపూట పస్తుంచండి అన్నాను. … ఆవిడ మళ్లీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. … పుస్తకంలో రాయలేదు కూడా. ఏ ఇంట్లో ఏ కుక్క తుమ్మిందన్నా రాసుకునే మనిషిని, అది రాయలేదు.

… ఓదార్చకు. నువ్వు నన్ను ఓదార్చకు. ఆవిడ చెప్తుంటేనే నాకు అనుమానం వచ్చింది. కానీ టాడ్ యజమానికి అప్పటికే మాటిచ్చేశాను. కంచె బాగు చేయించాను, కొత్త దుప్పట్లు ఉతికి పెట్టుకున్నాను. మళ్లీ ఈ ఇంట్లో ఏదో పుడుతుందని… వినదలుచుకోలేదు నేను. అంతే. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. ఈ పని ఇద్దరం కలిసే చేశాం.

…

లేదు, లైన్లోనే ఉన్నా. మెగ్ వచ్చి నా మోకాలి మీద తల పెట్టింది. దానికేం తెలుసు పాపం.

… ఏం చేస్తానా? ఏముంది చెయ్యడానికి, ఫోన్లు చేస్తాను. ముందు ఆ లారమీ ఆవిడకి. తర్వాత మిగతా నలుగురికీ, వాళ్ల కుక్కలెలా ఉన్నాయో అడగాలి. టాడ్ యజమానికి చెప్పాలి. మంచివాడే గానీ తన కుక్కలో లోపముందంటే ఒప్పుకుంటాడో లేదో. … ఒప్పుకోకపోయినా చెప్తాను. ఆ కుక్క కోసం ఇంకా ఎంతమంది వస్తున్నారో.

… వీటికా? ఎనిమిదింటికీ ఇళ్లు కుదిరిపోయాయి. ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. వాళ్లందరికీ చెప్పాలి.

… చెప్పకుండా ఇచ్చెయ్యమంటావా?

… నిజమే. ఏ ఒక్కదానికీ రాకపోవచ్చు. అన్నీ ముసలివై మంచాల కింద పడుకుని పోవచ్చు. లేకపోతే నాలుగేళ్లు ఆడుకుని, పాడుకుని, ఒక మంగళవారం పొద్దున ఎవరో పెద్దమనిషి తుపాకీ తీసుకుని చెట్ల కిందికి నడవచ్చు. … బాధపెట్టాలని అనలేదు. నువ్వు పడింది తెలిసి ఇంకొకరి చేతిలో ఎలా పెడతాను, నువ్వే చెప్పు.

… ఇవేవీ మందల్లోకి వెళ్లవు. అన్నీ విని, తెలుసుకుని, అయినా కావాలి అనేవాళ్లకే ఇస్తాను. వీటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని రాసిస్తేనే. … ఎవరూ వద్దంటే ఇక్కడే ఉంటాయి. … ఎనిమిదీ. … ఉండనీ. ఇల్లు పెద్దదే కదా, మనుషులే లేరు.

… మరి నీ మందకిప్పుడు ఎవరున్నారు? … ఆ ముసలి కుక్కా? దానికి ఈల వేస్తే వినబడుతుందా అసలు? … నువ్వే పరుగెడుతున్నావా గొర్రెల చుట్టూ? ఈ వయసులో, ఆ మోకాళ్లతో?

… చూడు. ఇంకో ఐదారు వారాలు ఎలాగో నెట్టుకురా. పిల్లలు పూర్తిగా పాలు మానాక మెగ్‌కి ఆపరేషన్ చేయిస్తాను. కుట్లు మానగానే నేనే తీసుకొస్తాను కొండకి. … ఆరేళ్లు నిండాయి దానికి, ఇంతవరకు ఒక్కసారి కూడా ఏమీ రాలేదు. … నాకెందుకు? ఈ వంటింట్లో అదేం కాస్తుంది, కుర్చీల్నా? బెర్నార్డ్ పోయాక అది గొర్రెని చూసిందే లేదు. రోజూ సాయంత్రం కంచె దగ్గర నిలబడి అటు కొండకేసి చూస్తుంది. నేను చూడనట్టు ఊరుకుంటున్నాను.

… కాదనకు. నాకు కష్టమే. అయినా కాదనకు.

… ఒక్కటి మాత్రం వినుకో. దాని అడుగు తడబడినా, తిండి ముట్టకపోయినా, ఊరికే గోడకేసి చూసినా… సరే, అక్కడ గోడలెక్కడివి… ఏ చిన్నది కనిపించినా ఆ శిఖరం ఎక్కి నాకు ఫోన్ చెయ్యాలి. అదే రోజు. … ఒట్లు వద్దు. చెయ్యి, చాలు.

… నవ్వావా, ఏడ్చావా? ఈ గాలిలో తెలీడం లేదు.

… నేనా? కోపం ఉంది సైమన్. ఇవాళ పోదు, రేపూ పోదు. కోపం ఉన్నంత మాత్రాన నీకు రొట్టె పంపడం మానేస్తానా? … సరుకుల బండి బుధవారమే కదా వచ్చేది? … ఆ, దాంట్లో పెడతాను. రాత్రికేమైనా తిను. వేడిగా ఏదైనా చేసుకుని తిను.

… ఆగు, కారు చప్పుడు. … ఎవరో గేటు తీస్తున్నారు.

… అయ్యో.

… వార్డెల్ వాళ్లు. వీటిలో ఆ చిన్న ఆడ కుక్కపిల్లని ఎంచుకున్న దంపతులు. వాళ్ల పాత కుక్క పోయి చాలా రోజులైంది. ఆదివారం ఆదివారం వచ్చి దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని వెళ్తారు. … లేదు, మళ్లీ రమ్మని ఎలా పంపిస్తాను? నలభై మైళ్లు వస్తారు. … ఫోన్లో కాదు, ఎదురుగానే చెప్పాలి. అదీ మంచిదేలే.

… ఆయనకి మెట్లెక్కడం కష్టం. ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తోంది. … ఆవిడ చంకలో ఏదో ఉంది. … పరుపు. చిన్న పరుపు, గీతల గుడ్డతో కుట్టింది. మీద దారంతో ఏవో అక్షరాలు… ఇక్కడి నుంచి కనబడడం లేదు. … పేరు. పేరు కూడా పెట్టేసుకున్నారు.

… తెలీదు సైమన్. ఏం చెప్తానో నాకే తెలీదు. ముందు కూర్చోమంటాను.

… వద్దు, నువ్వు లైన్లో ఉండక్కర్లేదు. కిందికి దిగు, మంద చెదిరిపోతుంది. … ఊఁ. ఉంటాను. తలుపు తీయాలి.