గాలి మాస్టారు చెప్పని పాఠం

ఒడిశాలో కేంద్రపడా దగ్గర ఒక ఊరు. డాబా మీద నాయనమ్మ మినప్పిండితో వడియాలు పెడుతోంది. ఎనిమిది పాసైన మనవరాలు బడి కాగితం పట్టుకుని నిలబడింది.

“ఇలా రా ఝిలీ. ఇంకా దగ్గరికి రా. నీ కాగితం ఎక్కడికీ పారిపోదుగానీ, నా పక్కన కూచో.”

“కూచుంటే లేవనివ్వవు జేజెమా. ముందు వేలిముద్ర వెయ్యి. రేపటికల్లా ఇచ్చెయ్యాలి.”

“చేతినిండా పిండి కనబడట్లేదూ?”

“కడుక్కో.”

“నేను కడుక్కుని వచ్చేసరికి పిండి ఎండిపోతుంది. ఏం కాగితమో మళ్ళీ చెప్పు.”

“మూడుసార్లు చెప్పాను. పెద్దయ్యాక ఏమవుతావని అడిగారు. నర్సు అని రాశాను. ఇక తొమ్మిది నుంచి నర్సుకి పనికొచ్చేవే చెబుతారు. మిగతావి ఉండవు.”

“మిగతావంటే?”

“చరిత్ర, భూగోళం, పద్యాలు. పీడా వదిలింది.”

“పద్యాలు కూడానా? రోగి మంచమ్మీద మూలుగుతుంటే ఏం వినిపిస్తావే?”

“సూది వేస్తాను, పద్యం ఎందుకు? నువ్వేం చదివావని జేజెమా? రెండో తరగతి!”

“రెండోదీ సగమే. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని మానిపించారు.”

“మరి నువ్వు బతకలేదా? నాన్న కూడా కొచ్చి నుంచి ఫోన్లో అదే అన్నాడు. కుళాయి బిగించేటప్పుడు ఏ నది ఎక్కడ పుట్టిందో తననెవరూ అడగలేదట. పనికొచ్చేవి చదివితే చాలన్నాడు.”

“ఆ మాట మీ నాన్న ఎవరి దగ్గర నేర్చుకున్నాడనుకున్నావ్?”

“ఎవరి దగ్గర?”

“నా దగ్గర. ఆ కాకిని తోలు.”

“కాకి లేదు.”

“వస్తుంది.”

“మాట మార్చకు జేజెమా. నువ్వెప్పుడన్నావ్ ఆ మాట?”

“మీ నాన్న ఇంత ఉన్నప్పుడు. మన హైస్కూలు సర్కారు కట్టింది కాదే. ఊరే కట్టుకుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు తీసి బడి కుండలో వేసేది. ఆ గుప్పెళ్ళతోనే మాస్టార్లు నలుగురూ తినేవాళ్ళు. ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసేదాన్ని నేనే.”

“నువ్వా? గంప నెత్తిన పెట్టుకునా?”

“గంపా, దానితోపాటు పొగరూను. ఒక ఏడు వరదొచ్చి పంట పోయింది. ముగ్గురికి మించి పెట్టలేం. ఎవర్ని పంపాలా అని ఊరంతా కూచుంది.”

“మగాళ్ళ మధ్య నువ్వు మాట్లాడావా?”

“బియ్యం మోసేది నేనైతే నోరు వాళ్ళదా? లేచి నిలబడి అన్నాను. మన పిల్లలు కలకత్తా వెళ్ళినా ఢిల్లీ వెళ్ళినా పైపులేగా బిగించేది! లెక్కలు ఉండనీండి, హిందీ ఉండనీండి. గాలి ఎటునుంచి ఎటు వీస్తుందో చెప్పే ఆయనకి మా గుప్పెళ్ళు ఎందుకూ అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ఆయనకి గాలి మాస్టారని పేరు పెట్టిందీ నేనే.”

“పాపం. ఆయనేమన్నాడు?”

“ఏమంటాడు? ఉదయనాథ్ మాస్టారు నోరు లేని మనిషి. గోడమీది పటం చుట్టి సైకిలుకి కట్టుకున్నాడు. ‘మీ త్రిలోచన్ తెలివైనవాడమ్మా, చదివించండి’ అన్నాడు. వెళ్ళిపోయాడు.”

“త్రిలోచన్ అంటే పెదనాన్నేగా?”

“పెదనాన్నే. అప్పుడు సరిగ్గా నీలాగే, ఎనిమిది పాసయ్యాడు. ఆ మీద చదివినదంతా పైపుల పనికి పనికొచ్చే చదువే. నేను కోరుకున్నదే.”

“బాగానే ఉందిగా. ఢిల్లీలో పని దొరికిందన్నావుగా ఆయనకి.”

“దొరికింది. దసరాకి వచ్చాడు, కొత్త పానాల సంచి భుజాన వేసుకుని. తిరిగి వెళ్ళేలోపే పెద్ద తుఫాను.”

“నాకు తెలుసు జేజెమా. వద్దులే, మళ్ళీ ఎందుకు...”

“నీకు తెలిసింది వేరే. విను. మట్టిల్లు ఊగుతుంటే అందరం ప్రధాన్ వాళ్ళ డాబా ఇంట్లో దూరాం. తెల్లారేదాకా ఒకటే హోరు. ఆ తర్వాత ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది.”

“ఆగితే మంచిదేగా?”

“నేనూ అదే అనుకున్నాను. కాస్త ఎండ కూడా పొడిచింది ఝిలీ. ఆకు కదల్లేదు. జనం దణ్ణాలు పెట్టుకున్నారు.”

“అప్పుడేగా పెదనాన్న బయటికెళ్ళి మళ్ళీ తిరిగిరానిది. నాన్న చెప్పాడు.”

“ఏం చెప్పాడు?”

“తను మేకపిల్ల కోసం ఏడిస్తే, దాన్ని తేవడానికి వెళ్ళాడని. అందుకే నాన్న మేకమాంసం ముట్టడు. ఆ రోజొస్తే అన్నం కూడా తినడు. జేజెమా? ఏడుస్తున్నావా?”

“లేదు. ఆ గాలి మాస్టారు మళ్ళీ వచ్చాడే. నీళ్ళు తీశాక, అటుకుల మూట మోసుకుంటూ.”

“మన ఊరికా? నువ్వు పంపేశాక కూడా?”

“మన గుమ్మానికే. అప్పుడు చెప్పాడు. మధ్యలో గాలి ఆగితే అది తుఫాను కన్ను అట. కన్ను దాటగానే రెండో వైపు నుంచి కొడుతుందట, సముద్రాన్ని వెంటబెట్టుకుని. ఆగినప్పుడు గడప దాటకూడదట. ‘తొమ్మిదిలో చెబుతాను ఆ పాఠం’ అని తల పట్టుకుని కూచున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.”

“ఆ పాఠం నాకూ తెలీదు.”

“నీకెలా తెలుస్తుంది? నువ్వింకా తొమ్మిదికి వెళ్ళలేదుగా.”

“నర్సుకి... ఏమో జేజెమా. నర్సుకి ఎందుకు అందామంటే ఇప్పుడు నోరు రావట్లేదు.”

“నర్సువే అవ్వు, నేను వద్దన్నానా? ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో ముందే తెలిస్తే ఆ సభలో నేను నోరు మూసుకునేదాన్ని. ఆ కాగితమ్మీద నా వేలు పడదు. మీ టీచరమ్మని నా దగ్గరికి రమ్మను.”

“సరే, సరే. రమ్మంటాను. కానీ నువ్వు అంత బాధపడకు. పాఠం సంగతి ఎలా ఉన్నా, నాన్న ఏడవకపోతే పెదనాన్న వెళ్ళేవాడే కాదుగా.”

“అదిగో. ఆ మాట వినలేకే నిన్ను కూచోబెట్టుకున్నాను.”

“ఏ మాట?”

“పంపింది నేను.”

“నువ్వా?”

“‘తుఫాను పోయిందిరా, మనింట్లో నీ పానాలు తడిసి తుప్పుపడతాయి, పరిగెత్తుకెళ్ళి సంచి తెచ్చుకో’ అన్నాను. వాడు గడప మీద ఆగాడు. వెనక్కి తిరిగి, ‘నిజంగా పోయిందంటావా అమ్మా?’ అని అడిగాడు.”

“నువ్వేమన్నావ్?”

“పోయిందన్నాను.”

“జేజెమా... మరి మేకపిల్ల?”

“దానికోసం చిన్నాడు ఏడ్చింది ముందురోజు. ఎందుకెళ్ళాడమ్మా నీ బిడ్డ అని ఊరంతా అడుగుతుంటే నా నోటికి మేకపిల్ల వచ్చింది. తొమ్మిదేళ్ళవాడు, రెండు నెలల్లో మర్చిపోతాడులే అనుకున్నాను.”

“నాన్న మర్చిపోలేదు.”

“తెలుసు. ఏటేటా వాడు పస్తుంటే చూస్తూనే ఉన్నాను. చెబుదామని ఫోన్ చేయిస్తాను. వాడు ‘అమ్మా, తిన్నావా’ అంటాడు, తిన్నానని ఫోన్ పెట్టేస్తాను.”

“ఇప్పుడేం చెయ్యను నేను?”

“నేను చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకో. రేపు నీ పిల్లలకీ చెప్పు, ఇలాంటి ముసలిది ఉండేదని. కానీ అందరికంటే ముందు మీ నాన్నకి చెప్పు. ‘నాన్నా, ఆ పొద్దున నువ్వు ఏడవనే లేదు, జేజెమా ఒళ్ళో నిద్రపోతున్నావ్’ అని చెప్పు తల్లీ.”