ఊరంతా మగోళ్లే

శ్రీకాకుళం కాలేజీ ల్యాబులో, భావనపాడు వదినామరదళ్లిద్దరు ఒకే కంప్యూటరు ముందు కూర్చున్నారు. నల్లటి తెరమీద ఊళ్లోవాళ్ల గుర్తింపు కార్డుల జాబితా: తెలుగులో పేరు, పక్కన ఎం లేదా ఎఫ్.

“వదినా, ఆడోళ్లకి ఎం, మగోళ్లకి ఎఫ్ కొట్టీసినాను. ఆరొందల పేర్లు! సాయంత్రానికి ఇచ్చీయాల.”

“మార్సడానికి సీ లాంగ్వేజీలో ప్రోగ్రాం రాసినావు కదే?”

“రాసినాను. ముందు ఎంలన్నీ ఎఫ్ సేసినాను, తర్వాత ఎఫ్‌లన్నీ ఎం సేసినాను. సూడు, ఊరంతా మగోళ్లే!”

“ఒలే, అత్త సేపలు ఎలాగ ఏరతాది?”

“ఒక్కోటీ సూసి, దాని గంపలో ఏస్తాది.”

“ఏసింది మళ్లీ తీస్తాదా?”

“తియ్యదు... ఆగాగు! ఒక్కో అక్షరం ఒక్కపాలే సూడాల! మార్సీసి ముందుకెళ్లిపోవాల!”

“పాత ఫైలు మీద నడుపు మరి.”

“వచ్చీసింది వదినా! వచ్చీసింది!”

“అత్త పేరు సూడు.”

“చిన్నతల్లి... ఎఫ్! మాయమ్మ మళ్లీ ఆడదైపోనాది!”