చివరి పేజీ నుంచి మొదటి పేజీకి: పంకజాక్షి గారి ముప్పై ఏడేళ్ళ పుస్తక ప్రస్థానం

1988వ సంవత్సరం ఆగస్టు ఒకటవ తేదీ, సోమవారం నాడు, తిరుపతి రైల్వే స్టేషన్ ఎదుట గల మా అరణి ప్రచురణల విక్రయశాలలో గుమాస్తాగా శ్రీమతి పంకజాక్షి గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై మూడు సంవత్సరాలు, స్వస్థలం కార్వేటినగరం. వ్రతకథలు, స్తోత్రమాలికలు, పంచాంగాలు, పిల్లల ఎక్కాల పుస్తకాలు తప్ప అన్యమెరుగని ఒక చిన్న సంస్థలో అడుగుపెట్టి, అదే సంస్థకు ప్రచార విభాగాధిపతిగా ఎదిగి, ఈ అక్టోబరు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణిని అభినందించే భాగ్యం ఈ ప్రత్యేక సంచిక ద్వారా నాకు లభించింది. విదుషీమణి అన్న మాట చూస్తే ఆమె ఊరుకోరని తెలుసు. "అది కొట్టెయ్ దయానందూ, నేను పుస్తకాలమ్ముకునేదాన్ని" అంటారు. కొట్టెయ్యను. పంపిణీ విభాగంలో ఇన్నేళ్ళూ ఆమె చెప్పినట్టల్లా విన్నాను. ఈ ఒక్క వ్యాసంలో నా మాట చెల్లాలి.

విక్రయశాలలో కూర్చున్న తొలి సంవత్సరాల్లోనే పంకజాక్షి గారు ఒక విషయం కనిపెట్టారు. కొండ దిగి వచ్చి రైలు కోసం వేచి ఉండే యాత్రికులు పుస్తకం చేతిలోకి తీసుకోగానే అట్ట చూసి, వెంటనే చివరి పేజీ తిప్పేవారు. ఈ కథ చదివితే తమకేం ఫలం కలుగుతుందో చూసుకోవాలని వారి ఆరాటం. ఆ ఫలశ్రుతి ఏమో చివరి అధ్యాయంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో అణగి ఉండేది. ఆమె మా వ్యవస్థాపకులు మునిరత్నం గారి వద్దకు వెళ్ళి వాదించి, ఫలశ్రుతిని చివరి పేజీలో ఒంటరిగా, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించారు. పుస్తకాలు ముందెన్నడూ లేనంత వేగంగా అమ్ముడుపోయాయి. నాటి నుంచి ఏ పుస్తకానికీ చివరి పేజీ ఖాళీగా వదలరాదు, అక్కడ ఫలశ్రుతి ఉండి తీరాలి అన్నది మా సంస్థలో శాసనమైంది.

1996లో విక్రయ ప్రతినిధిగా పదోన్నతి పొందిన పిమ్మట పుత్తూరు, నగరి, పలమనేరు, చిత్తూరు పట్టణాలలో ఆమె ఎక్కని పుస్తకాల దుకాణం మెట్టు లేదు. నగరిలో అరవం, పలమనేరులో కాస్త కన్నడం, మా గోడౌనులో మాత్రం తిట్లు లేని స్వచ్ఛమైన తెలుగు మాట్లాడేవారు. ఒకసారి శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి జనం బారులు తీరతారని విని, సూళ్ళూరుపేట దారిలో పిల్లల సైన్సు పుస్తకాలతో బల్ల వేసుకుని కూర్చున్నారు. ప్రయోగం వాయిదా పడింది. వచ్చినవారందరూ నిరాశతో ఉంటే, ఏడుస్తున్న పిల్లల చేతుల్లో పుస్తకాలు పెట్టించి, ఖాళీ బల్లతో తిరిగి వచ్చిన ఘనత వారిది.

2012లో ప్రచార విభాగాధిపతి అయిన తరువాత ఆమె కాఠిన్యం మా అందరికీ అనుభవమే. పోస్టరు అచ్చయితే దాన్ని గోడకు అంటించి, కదిలే బస్సు కిటికీలోంచి చదవగలుగుతున్నామో లేదో చూసి రమ్మని నన్ను లీలామహల్ సెంటరు చుట్టూ తిప్పేవారు. బంధువుల పెళ్ళికి వెళ్ళినా చేతిసంచిలో కరపత్రాలు ఉండవలసిందే. ఇంత ఉద్యోగాన్ని ఇంట్లోకి కూడా మోసుకువచ్చిన భార్యను చిరునవ్వుతో భరించిన ధనశేఖర్ గారికి ఈ సందర్భంగా మా సంస్థ తరఫున నమస్కరిస్తున్నాను.

అయితే పంకజాక్షి గారి ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా మిన్నగా నేను తలచేది ఈ సంవత్సరం జూలైలో జరిగిన నవలావిష్కరణను. యువత కోసం ఒక కొత్త వరుస పుస్తకాలు ప్రారంభించాలని మునిరత్నం గారు నిశ్చయించి, ఏర్పేడుకు చెందిన ఇరవయ్యేళ్ళ ఐశ్వర్య రాసిన "నీడలకు అనుమతి లేదు" అనే నవలను తొలి పుస్తకంగా స్వీకరించారు. మన కొండల చుట్టూ గాజుగోడ కట్టిన ఒక భావికాలపు నగరం. అక్కడ ఎవరు ఎవరిని ప్రేమించాలో ప్రభుత్వపు యంత్రం నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని కాదన్న ఇహిత, నిశాంత్ అనే ఇద్దరు పిల్లల కథ అది. దీన్ని డిస్టోపియా అంటారని రచయిత్రి చెప్పగా, "అంటే ఏందమ్మా?" అని మా మేడమ్ అడిగారు. "చెడిపోయిన రాజ్యం మేడమ్." "అట్లే చెప్తే పాయె గదా, దానికింత పెద్ద పేరెందుకు?"

ప్రచారం మాత్రం అదరగొట్టారు. ఐశ్వర్య ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ పెడుతుంటే, ఈమె బాలికల హాస్టళ్ళ పక్కనున్న టిఫిను సెంటర్లన్నీ తిరిగి, ప్రతి దోసె పార్శిలుతోపాటు నవల పేరున్న ఒక కార్డు ఇప్పించారు. ఆవిష్కరణకు నాలుగు రోజుల ముందు ప్రతులన్నీ బైండింగు పూర్తయి గోడౌనుకు చేరాయి. తొలి ప్రతి తీసుకుని వెళ్ళిన ఐశ్వర్య, మరునాటి ఉదయమే ఏర్పేడు బస్సు దిగి నేరుగా మా కార్యాలయానికి వచ్చి, పుస్తకం తెరిచి మేడమ్ బల్లమీద పెట్టింది.

ఎడమవైపు పేజీలో ఇహితను తప్పించడానికి నిశాంత్ గాజుగోడకు ఈవలే ఉండిపోయి ప్రాణం విడుస్తాడు. కుడివైపున, చివరి పేజీలో, పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ఈ కథను భక్తిశ్రద్ధలతో పఠించినవారికిని, వినినవారికిని శీఘ్ర వివాహప్రాప్తి, సత్సంతానప్రాప్తి, సకల సౌభాగ్యములు కలుగును."

జరిగింది ఇది. అచ్చుకు పోయే ముందు చివరి పేజీ ఖాళీగా ఉండటం చూసి, మా అచ్చు విభాగపు చక్రధర్ సంస్థ శాసనాన్ని పాటించాడు. ప్రేమకథ అని విన్నాడు గనుక, బాగా ఆలోచించి మరీ కల్యాణ వ్రతకథల ఫలశ్రుతిని ఎంచి పెట్టాడు.

"ఇదేంది మేడమ్? ఈడ పిల్లోడు సచ్చిపోయినాడు. పక్కనే సంతానప్రాప్తి అంట!" అంది ఐశ్వర్య. నేను నవ్వు ఆపుకోలేక బీరువా వైపు తిరిగి నిలబడ్డాను. కానీ మరుక్షణం ఆ పిల్ల ఏడ్చేసింది. "మూడేండ్లు రాసినాను మేడమ్. ఇది సూస్తే మా కాలేజీలో అందరూ నవ్వుతారు. రాసిందంతా తమాషా అనుకుంటారు. ఈ పుస్తకం వద్దు. ఆపేయండి." అప్పుడు నాకు నవ్వు రాలేదు.

పంకజాక్షి గారు లేచి నిలబడ్డారు. "తప్పు నాదే పాపా. చివరి పేజీ ఖాళీగా ఉండకూడదని పద్ధతి పెట్టింది నేను. చక్రధర్‌ను ఏమీ అనొద్దు."

"మీరు చదివింటే తెలిసుండేది గదా. చదివినారా?"

ఎన్నో పుస్తకాలను ఊరూరా తిప్పి అమ్మిన ఆమె తల వంచుకుని, "లేదమ్మా. చదవలేదు" అన్నారు.

"చదవకుండానే అందురినీ చదవమని చెప్తా ఉండారా మేడమ్?"

ఆ మాటకు ఆమె కోపగించలేదు, సర్దిచెప్పలేదు. "సాయంత్రం దాకా ఈడే ఉండు. యాడికీ పోవద్దు" అని, ఆ పుస్తకం తీసుకుని మా గోడౌనులోకి వెళ్ళి, పంచాంగాల కట్టల మీద కూర్చుని మొదటి పేజీ తెరిచారు. భోజనవేళ దాటింది, సాంబారన్నం డబ్బా మూత తీయలేదు. ఫోను మోగితే నా చేతికిచ్చి పొమ్మన్నారు. పొద్దు వాలుతుండగా బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నేరుగా ఐశ్వర్య దగ్గరకు వెళ్ళి, కోపంగానే అడిగారు.

"ఏమ్మా, ఆ పిల్లోణ్ణి ఎందుకు సంపేసినావు? గోడ దూకేసుంటే ఏం పోయేది?"

"వాడు దూకితే ఆ అమ్మాయి దొరికిపోతాది మేడమ్."

"అవును. దొరికిపోతాది గదా" అని కుర్చీలో కూలబడి, కొంగుతో మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. పొద్దున్నుంచీ ముఖం ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల అప్పుడు మెల్లగా నవ్వింది. తన పుస్తకానికి తొలి పాఠకురాలు దొరికిందని ఆ నవ్వు చెప్పింది.

ఆ పేజీ చింపేద్దామని మునిరత్నం గారు సూచించారు. చింపితే కుట్టు వదులై జత పేజీ కూడా ఊడి వస్తుందని పంకజాక్షి గారు వారించి, ఐశ్వర్య చేతికి కలమిచ్చారు. "ఈ కథ చదివినోళ్ళకి ఏం కలుగుతాదో మాకు తెలీదు. నీకే తెలుసు. నువ్వే రాయి. దానిమీద అంటిద్దాం." ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి రాసింది. మరునాడు చీటీలు అచ్చయ్యాయి. మైదా జిగురు ఉడికించి, వ్యవస్థాపకులు మొదలు రచయిత్రి వరకు, చక్రధర్‌తో సహా, అందరం గోడౌనులో బాసింపట్లు వేసుకుని కూర్చుని ప్రతి పుస్తకానికీ అంటించాం. వంకరగా అంటించినవాటిలో ఎక్కువ భాగం నావేనని మేడమ్ నేటికీ అంటారు.

బాలాజీ కాలనీలోని ఒక కళాశాల సభామందిరంలో ఆవిష్కరణ జరిగింది. ఎన్నో సభలు ఏర్పాటు చేసినా ఏనాడూ వేదిక ఎక్కక, ద్వారం వద్ద పుస్తకాల బల్ల పక్కనే నిలబడే పంకజాక్షి గారిని ఐశ్వర్య చేయిపట్టి పైకి తీసుకెళ్ళి, చివరి పేజీ చదవమంది. ఆమె చదివారు: "ఈ కథ చదివినవారికి పెళ్ళి కుదరకపోవచ్చు. కష్టాలు తీరకపోవచ్చు. ఎవరిని ప్రేమించాలో ఇంకెవరో చెప్పినప్పుడు, కాదు అనడానికి గొంతు కలుగును." చివరి మాట దగ్గర ఆమె గొంతే పలకలేదు. హాస్టళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వారంలోగా ఆ పేజీ ఫొటోలు ఫోన్లన్నిటా తిరిగాయి. పిల్లలు తమకు ఏం కలిగిందో సొంతంగా రాసి పెట్టసాగారు. రెండవ ముద్రణలో ఆ పేజీని చీటీ అవసరం లేకుండా అచ్చు వేశాం. యువత పుస్తకాల వరుస నిలబడింది.

పంకజాక్షి గారిలో వచ్చిన మార్పు మాత్రం ఆ సభతో ముగియలేదు. ఇప్పుడు రోజూ ఒక పుస్తకం పట్టుకుని ఇంటికి వెళుతున్నారు. "అమ్మడం అయిపోయింది దయానందూ. ఇంక సదవాల" అంటున్నారు. ఐశ్వర్య తన రెండవ నవలను ఒక్కొక్క అధ్యాయంగా ముందుగా పంపేది మా సంపాదకులకు కాదు, ఆమెకే. వెంటనే ఫోను వెళుతుంది: "ఈసారి ఎవరినైనా సంపినావంటే సూడు!" అవతల నుంచి ఆ అమ్మాయి నవ్వు మా గదంతా వినిపిస్తుంది. తనను తమాషాగా చూస్తారని ఏడ్చిన పిల్ల, ఇప్పుడు నిర్భయంగా రాస్తోంది.

ఆ నవల ఇంకా సగంలోనే ఉంది. అది పూర్తి కావాలి. దాని వెనుక మరెన్నో రావాలి. వాటన్నిటినీ మొదటి పేజీ నుంచి చదువుతూ, నచ్చని చోట రచయితలను నిలదీస్తూ, ధనశేఖర్ గారితో కలిసి మా పంకజాక్షి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, తగ్గని చూపుతో, నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని, ఇంత చదివాక వారికి కన్నీళ్ళు వస్తే అవి కథల్లోని పిల్లల కోసమే అయి ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

దయానంద్,
పంపిణీ విభాగం, అరణి ప్రచురణలు, తిరుపతి