మరిది దొడ్డిల గొర్లు

నవ్వకు అక్కా, నాకు మండుతాంది. అవును, కుళ్లే! కుళ్లు గాక ఇంకేంది? తోడబుట్టినదానివి, నీ కాడ దాపెట్టుడెందుకు?

నువ్వే చెప్పు. గొర్లు కాసుడు ఎవరికొచ్చు? మాయనకు. పోరగాడప్పటి సంది కర్ర భుజానేసుకొని గుట్టలెంబడి తిరిగిన మనిషి. మా మరిది గిరికేమొచ్చు? జడ్చర్లల కిరాయి ఆటో నడుపుడొచ్చు. సర్కారు సబ్సిడీ మీద గొర్లిస్తామని పంచాయతీ కాడ చిట్టీలు తీస్తే, ఎవరి పేరొచ్చింది? గిరిది! మాది రెండో విడతల పడ్డది. గా రెండో విడత ఇయ్యాల్టి దాంక మా ఊరి మొకం సూడలే.

గొర్లు దిగిన్నాడు సూడాలె గిరి పెండ్లాన్ని, మా స్వర్ణను! పసుపు, కుంకుమ, డప్పులు... ఫోటోలు దిగుడే దిగుడు. నేనా? తలుపేసుకొని ఇంట్ల కూసున్న. డప్పు సప్పుడు తలుపుకాగుతదా?

మరి గిరి వాటిని కాస్తడా? కొన్నొద్దులు తిరిగి, కాళ్లు వాసినయని మంచమెక్కిండు. స్వర్ణ మా వాకిట్లకొచ్చి "బావా, నువ్వే కాయాలె, కూలి ఇస్తం" అన్నది. వద్దనుమని నేను సైగ జేస్తున్న. మాయన నా దిక్కు సూస్తేనా? కర్ర అందుకొని పాయె!

తమ్ముని గొర్లకు జీతగాడైండక్కా! సిగ్గు గాదా? సిగ్గు సంగతి దేవుడెరుగు, మనిషే మారిపోయిండు. ఇంట్ల నోరిప్పనోడు పాటలు పాడవట్టె. బువ్వ తినుకుంట గూడ ఏది ఈనింది, ఏది కుంటుతాంది, గదే ముచ్చట. నాకు జెరమొచ్చి పండుకుంటే "గోలి ఏసుకో" అని మందెంబడి పోయిండు. నాకు సవతి లేదని మురిసిన. మందకు మందే సవతులైనయి!

అందుకే మల్లన్నకు మొక్కిన. అవి ఎటన్న పోవాలె, మా కండ్ల ముంగట ఉండొద్దు అని. మొక్కు గిట్ల తీరుతదనుకోలే.

గిరికి సొంత ఆటో కొనాలని బుద్ధి పుట్టింది. గొర్లన్నీ అమ్ముతానని బేరగాన్ని పిలిచిండు. పోయిన వారం ఒకనాడు పొద్దుగాల డీసీఎం లారీ వచ్చి దొడ్డి ముంగట ఆగింది. స్వర్ణ ఏడుస్తాంది. గిరి మొకం తిప్పుకున్నడు. గొర్లను ఎత్తిందెవరనుకున్నవ్? మాయనే. పసిపోరగాండ్లను ఎత్తినట్టు ఒక్కొక్కదాన్ని ఎత్తిండు. నేను గడపల నిలవడి సూసిన. కడుపు సల్లగైంది, అబద్ధమెందుకు?

గంతల్నే ఒక నల్లది బండిల నుంచి దుంకి ఉరికొచ్చి మాయన కాళ్లల్ల సొచ్చింది. ఎంత గుంజినా రాదు! "గోపన్నా, జల్దీ ఎక్కియ్" అని బేరగాడు మాయన మీద ఒర్లుతున్నడు. అప్పుడు స్వర్ణ కండ్లు తుడ్సుకొని అన్నది: "గిది ఉండనీ బావా. మీరే ఉంచుకోన్రి."

ఉంచుకోన్రి! మాకు! ఊరంత సూస్తుంటే, దానమిచ్చినట్టు!

మాయన తలెత్తి నా దిక్కు సూసిండు. పెండ్లయిన కాడ్నుంచి గట్ల ఎన్నడన్న అడిగిండా నన్ను?

నేనేమన్ననో తెల్సా? "ఒకలు వద్దన్నది మాకెందుకు? ఎక్కియ్ బండి" అన్న.

ఆయన దాన్ని ఎత్తి బండిల వెట్టిండు. తెల్లారి బట్టలు మూటగట్టుకొని, కట్టంగూర్ల ఎవలయో గొర్లు కాయవోతున్నా అని పోయిండు. ఫోన్ జేస్తే ఎత్తడు. స్వర్ణది మాత్రం ఎత్తిండంట! "మేత మంచిగున్నది, ఫికర్ లేదు" అన్నడంట. గది నాకు చెప్పొచ్చింది మహాతల్లి!

నాకు గొర్రె అక్కెర లేకుండెనా? ఉండె అక్కా. ఆ నల్లదాన్ని సూస్తే నా చేతులు గుంజినయి. కానీ స్వర్ణ చేతుల కెళ్లి వద్దు. సర్కారోడు నా పేరు పిలిచి ఇయ్యాలె. దానికి ఇచ్చినట్టే ఇయ్యాలె!

ఏం సూస్తున్నవ్ గట్ల? తల దించుకుంటవేంది?

నీది గూడ ఎత్తుతున్నడా ఫోను?

...సర్లే. ఎత్తనీ. అందరియి ఎత్తనీ. యాళ్లకు బువ్వ తింటున్నడా? గదన్న చెప్పు.