శుక్రవారం నాటి ఆవనూనె ధర

నా పేరు కోరాడ సూర్యకుమారి. వయసు ఇరవై మూడు. తండ్రి నూకయ్య, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బి.ఏ. పాసయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, కార్మిక కుటుంబాలు కొనే సరుకుల ధరలు సేకరించే ఉద్యోగంలో చేరాను. ఆ ధరలను బట్టే కార్మికుల కరువు భత్యం పెరుగుతుంది. మా నాన్నదీ పెరుగుతుంది. ఈ మాట ఇంకొకరు ఎత్తిచూపేలోగా నేనే చెబుతున్నాను.

గోల్ బజారులో లక్ష్మీపతి గారి కిరాణా దుకాణానికి ప్రతి శనివారం వెళ్తాను. మొన్న 17-9-1966 శనివారం విశ్వకర్మ పూజ, దుకాణం మూత. అలాంటప్పుడు ముందురోజే ధర తీసుకోవాలని మా నిబంధన. శుక్రవారం సాయంత్రం అయిదింటికి వెళ్ళాను. ఆయన నన్ను గమనించలేదు. నా ముందున్న సింహాచలమ్మకు కిలో ఆవనూనె అయిదున్నర రూపాయలకు పోశారు. ఆవిడది మా క్వార్టర్ల వరసే. శనివారాలు ఆయన నాకు చెప్పే ధర నాలుగు. నేను అయిదున్నర రాసుకున్నాను.

అప్పుడు ఆయన నన్ను చూశారు.

"ఏటమ్మా, ఈయాల సుక్కురోరం గదా! సనివారం రేటు నాలుగు. సుక్కురోరం రేటు నీకెందుకు? ఆఫీసరోళ్ళు నా మీద పడతారు, కొట్టేయ్."

కొట్టెయ్యనన్నాను. అసలు ఈరోజు నూనే అమ్మలేదన్నారు.

సింహాచలమ్మ సీసా పైకెత్తింది. "మరిదేటి బాబూ, గంగనీళ్ళా?"

జనం నవ్వారు. ఆయనకు కోపం వచ్చింది ఆ నవ్వుకే.

తక్కెడ పడదోశానని ఆయన పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు. తక్కెడ పడలేదు. ఊగింది. నా చేతిలో కాగితం లాక్కోబోతే ఆయన మోచెయ్యే దానికి తగిలింది.

కేసు నమోదైతే నా ఉద్యోగం పోవచ్చు. తెలుసు. ఈ ఉదయం ఠాణాలో దారోగా బాబు, అంటే ఎస్సై గారు, "దీదీ, నాలుగని దిద్దెయ్యి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు" అన్నారు. ఆ దుకాణంలో నాలుగుకి నూనె కొన్న మనిషిని ఒక్కరిని చూపిస్తే దిద్దుతానన్నాను. ఆ ధర లక్ష్మీపతి గారు నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"పోనీ, అయిదు?" అన్నారు.

నేను బేరానికి వెళ్ళలేదు, ధర రాయడానికి వెళ్ళాను. అయిదున్నర. ఉద్యోగం ఉంటే వచ్చే శనివారం మళ్ళీ ఆ దుకాణానికే వెళ్తాను.

ఇది నా చేతిరాత. భయపడిగానీ, ఏదో ఆశించిగానీ ఒక్క మాటా రాయలేదు. మళ్ళీ చదువుకున్నాను, అంతా జరిగినదే.

(సం.) కో. సూర్యకుమారి
ఖరగ్‌పూర్, 19-9-1966